విమానమెక్కిన సైకిలు

సైకిలు మనల్ని మోయడం లోకంలో ఉన్నదే. మనం సైకిలును మోయడం కూడా అప్పుడప్పుడూ ఉంటుంది, పంక్చరు పడ్డప్పుడూ బురద రోడ్లలోనూ. కాని సైకిలుకు పెళ్ళికూతురికి చేసినట్టు ముస్తాబు చేసి, మెత్తలు కట్టి, చీర చుట్టి, పేరూ ఊరూ రాసి, విమానమెక్కించి అత్తవారింటికి పంపడం మాత్రం మా ఇంట్లో 2023 ఆగస్టులోనే మొదటిసారి జరిగింది. ఆ చీర మా ఆవిడది. ఆ సంగతి తరువాత మనవి చేస్తాను.

మా అక్కయ్య కొడుకు హైదరాబాదులోనే ఉద్యోగం. మా ఇంటికి నాలుగు వీధుల అవతల గది తీసుకుని ఉంటున్నాడు. ఆదివారం భోజనం మా ఇంట్లోనే. కుర్రాడు బుద్ధిమంతుడు. సిగరెట్టు లేదు, సినిమా పిచ్చి లేదు. ఉన్నదల్లా సైకిలు. తెల్లవారుజామున మూడుగంటలకు లేచి సైకిలు మీద సూర్యాపేట దాకా పోయి, అక్కడ ఇడ్లీ తిని తిరిగి వస్తాడు. "ఇడ్లీ మన వీధిలో లేదుట్రా?" అని వాళ్ళత్తయ్య అడిగితే నవ్వి ఊరుకుంటాడు.

ఈ పిచ్చికి ఒక కాశీ ఉంది. దాని పేరు పారిస్-బ్రెస్ట్-పారిస్. 1891లో మొదలైన సైకిలు యాత్ర. పారిస్ ప్రాంతంనుంచి అట్లాంటిక్ సముద్రపుటొడ్డున ఉన్న బ్రెస్ట్ నగరం దాకా వెళ్ళి, తిరిగి బయలుదేరినచోటికే రావాలి. సుమారు పన్నెండువందల కిలోమీటర్లు, తొంభై గంటల గడువు. నిద్ర, తిండి, స్నానం, ఏడుపు అన్నీ ఆ తొంభై గంటల్లోనే. ఇది నాలుగేళ్ళకోసారి వస్తుంది. వెళ్ళాలంటే ఆ ఏడాదిలోనే రెండువందలు, మూడువందలు, నాలుగువందలు, ఆరువందల కిలోమీటర్ల యాత్రలు ఒక్కొక్కటీ గడువులోపల పూర్తిచేసి చూపించాలి. దీన్ని పందెమంటే మావాడికి కోపం. మొదట వచ్చినవాడికీ చివర వచ్చినవాడికీ దక్కేది ఒకటేనట. మరి ఆ దక్కేది ఏమిటని మా బావ అడిగాడు. "పూర్తిచేశానన్న మాట" అన్నాడు వీడు. బావ మావైపు తిరిగి, "దీనికి లక్షలు ఖర్చు! మన బైపాసు రోడ్డుమీద తొక్కితే ఆ మాట రాదా?" అన్నాడు. అక్కయ్య కళ్ళు తుడుచుకుంది. అక్కయ్య కళ్ళు తుడుచుకోవడానికి వేరే కారణం ఉంది. మనాలీ సంగతి ఆవిడ మరిచిపోలేదు.

2022 జూన్‌లో వీడూ, మరి నలుగురు మిత్రులూ మనాలీనుంచి లేహ్‌కు సైకిళ్ళమీద పోదామని బయలుదేరారు. చండీగఢ్ దాకా విమానం, అక్కడనుంచి బస్సు. సైకిలును ఒక గుడ్డసంచీలో పెట్టి, జిప్పు లాగి, "అంతా కూడా పదినిమిషాల పని మామయ్యా" అన్నాడు. మనాలీలో సంచీ విప్పి చూస్తే పైకి అంతా బాగానే ఉంది. గీతైనా పడలేదు. మర్నాడు మొదటి గట్టి ఎత్తు ఎక్కుతూ అన్నిటికంటే పెద్దపళ్ళ గేరుకు మార్చాడు. గొలుసును ఒక పళ్ళచక్రం మీదనుంచి మరొకదానిమీదికి తోసే చిన్న యంత్రం ఒకటి వెనకచక్రం దగ్గర వేలాడుతూ ఉంటుంది, డిరైలర్ అంటారు. అదికాస్తా వెళ్ళి తిరుగుతున్న చక్రం స్పోకుల్లో దూరింది. చక్రం ఆగింది, మనిషి ఎగిరాడు. మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది గాని, సైకిలు అక్కడితో ఆఖరు. మిత్రులు ముందుకు సాగిపోయారు. వీడు లారీలో మనాలీ తిరిగివచ్చి, అక్కడనుంచి ఇంటికి వచ్చేశాడు. నెలరోజులు ఆదివారం భోజనానికి వచ్చి మాట్లాడకుండా తిని వెళ్ళేవాడు.

కారణం చూస్తే, ఆ డిరైలర్‌ను సైకిలు చట్రానికి తగిలించే చిన్న అల్యూమినియం ముక్క. చిటికెనవేలంత ఉంటుంది, హేంగర్ అంటారు. కావాలనే దాన్ని మెత్తగా చేస్తారట. దెబ్బ తగిలితే అది వంగి ప్రాణం ఇచ్చి, చట్రాన్ని కాపాడాలని. మంచి ఏర్పాటే. అయితే విమానంలో మన సంచీమీద పది పెట్టెలు పడితే, ఆ బరువంతా వెళ్ళి ఆ ముక్కమీద నిలుస్తుంది. ఒక మిల్లీమీటరో రెండో వంగుతుంది. కంటికి కనబడదు. ఎక్కినప్పుడే తెలుస్తుంది.

అటువంటివాడు ఇప్పుడు ఫ్రాన్సు వెళుతున్నాడు. నాలుగేళ్ళ కష్టం, జీతంలేని సెలవు, బ్యాంకులో కొంత అప్పు. ఇవన్నీ మళ్ళీ ఆ చిటికెనవేలంత ముక్కమీదనే ఆధారపడి ఉన్నాయి. "ఈసారి మూటకట్టడం నేను దగ్గరుండి చూస్తాను" అన్నాను. మావాడు నాకేసి అనుమానంగా చూశాడు. తెలుగు లెక్చరరు సైకిలు విప్పగలడా అని వాడి సందేహం.

కాని నాకూ ఈ విద్యలో పూర్వానుభవం ఉంది సుమండీ! నేను ఎమ్మేకు విశాఖపట్నం వెళ్ళినప్పుడు మా నాన్నగారు తన సైకిలును తెనాలిలో రైలుకు బుక్ చేశారు. స్టేషను దగ్గర ఒకడు వరిగడ్డి వెంటి పేని, చట్రానికంతటికీ చుట్టి, పైన గోనెగుడ్డ కుట్టాడు. నాన్నగారు వాడిచేత రెండుసార్లు విప్పించి మళ్ళీ కట్టించారు. హ్యాండిలు పక్కకు తిప్పించి, పెడళ్ళు ఊడదీయించి లోపలికి తిప్పి బిగింపించారు. గోనెమీద నల్లరంగుతో నా పేరూ స్టేషను పేరూ రాయించి, అదే మరో అట్టముక్కమీద రాసి లోపల కూడా కట్టారు. "పైది చిరిగిపోతే?" అన్నారాయన. సైకిలు విశాఖపట్నంలో దిగేసరికి గంటమీద మెరుగైనా చెడలేదు. ఇరవై యేళ్ళ తరువాత మావాడు మూటకట్టే విధానాన్ని గురించి ఎక్కడెక్కడివో సలహాలన్నీ చదివి పోగుచేసి తెస్తే, అందులో సగం నాన్నగారు తెనాలి ప్లాట్‌ఫారంమీద చేసినదే.

మొదటి ప్రశ్న: దేంట్లో పెట్టడం? గట్టి ప్లాస్టిక్కు పెట్టెలున్నాయి. వీణపెట్టెలాగా మూత వేసుకోవచ్చు. భద్రమే గాని ఖరీదు ఎక్కువ, బరువూ ఎక్కువ. పైగా ఒక ఊళ్ళో దిగి మరో ఊళ్ళో విమానం ఎక్కేవాడు ఆ పెట్టెను ఎక్కడ దాచుకుంటాడు? గుడ్డసంచీ సంగతి మనాలీలో తేలింది. సంచులలోనూ లోపల గట్టి చట్రం ఉన్నవి మంచివే ఉన్నాయంటాడు వీడు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. కొందరు సైకిలును పల్చటి పారదర్శకమైన ప్లాస్టిక్కు తొడుగులో పెట్టి, నడిపించుకుంటూ తీసుకువెళ్ళి ఇస్తారట. అది సైకిలని కళ్ళకు కనిపిస్తుంది గనుక మోసేవాళ్ళు దానిమీద పెట్టెలు పడెయ్యరనే ధైర్యం. మనుషులమీద ఇంత విశ్వాసం ఉన్నవాళ్ళంటే నాకు గౌరవమే. కాని ఆ పద్ధతికి అన్ని విమానాలవాళ్ళూ ఒప్పుకోరు. చివరకు అట్టపెట్టె ఖాయం చేశాం. కొత్త సైకిళ్ళు దుకాణాలకు అట్టపెట్టెల్లోనే వస్తాయి. దుకాణంవాడు వాటిని పాతసామాన్లవాడికి ఇచ్చేస్తాడు. మనం ముందుగా వెళ్ళి ఒక మంచిమాట చెబితే మనకే ఇస్తాడు. మేం రెండు తెచ్చుకున్నాం. ఒకటి కోసి రెండోదానికి లోపల అస్తరు వేశాం. మూలలకూ అడుగునా మూడు వరసలు.

విమానంవాళ్ళ అనుమతి ముందే తీసుకోవాలి. సైకిలుకు వేరే రుసుము తీసుకునేవాళ్ళున్నారు, మామూలు సామానులోనే లెక్కవేసేవాళ్ళున్నారు. ఒక్కొక్కరిది ఒక్కొక్క స్మృతి. మధ్యలో విమానం మారి వేరే సంస్థవారిది ఎక్కవలసి ఉంటే ఇద్దరినీ అడగాలి. వాళ్ళు రాసిన ఉత్తరం అచ్చుతీసి దగ్గర పెట్టుకోవాలి. సెల్‌ఫోనులో ఉంది కదా అంటే, కౌంటరు దగ్గర వరసలో వెనక ముప్ఫైమంది నిలబడి ఉండగా దాన్ని వెతుక్కోవడం ఎంత కష్టమో అనుభవించినవాడికి తెలుస్తుంది.

ఆదివారంనాడు హాల్లో సోఫాలు గోడకు జరిపి, దుప్పటి పరిచి, సైకిలును తీసుకొచ్చి నిలబెట్టాం. మా పిల్లలిద్దరూ తలుపు దగ్గర చేరారు. మొట్టమొదట ఫోటోలు తీశాడు, నాలుగు వైపులనుంచీ. రేపు ఏమైనా దెబ్బతగిలితే, ముందు బాగానే ఉందనడానికి సాక్ష్యం. మళ్ళీ బిగించేటప్పుడు ఏ తీగ ఏ పక్కనుంచి వచ్చిందో చూసుకోవడానికీ పనికివస్తుంది. సీటు ఎత్తుకు సరిగ్గా గొట్టంమీద ఒక టేపుముక్క అంటించాడు. తొంభై గంటలు కూర్చోవలసిన సీటు అరంగుళం తేడావస్తే మోకాళ్ళు పోతాయట.

తరువాత పెడళ్ళు. పానా నా చేతికిచ్చాడు. కుడి పెడలు మామూలుగా ఎడమకు తిప్పితే ఊడింది. రెండోదాన్నీ అలాగే ఎడమకు తిప్పుతున్నాను, తిప్పుతున్నాను, చెమటలు పోస్తున్నాయి గాని కదలదు. మావాడు నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. ఎడమపక్క పెడలుకు మర ఎదురు తిరిగి ఉంటుంది! తొక్కుతున్నప్పుడు దానంతటది సడలిపోకుండా అలా చేస్తారు. మా వ్యాకరణంలో ఇటువంటిదాన్ని అపవాదసూత్రం అంటాం. సూత్రం తెలిసీ అపవాదం మరిచిన విద్యార్థిని నేను ఎన్నిసార్లు చీవాట్లేశానో తలుచుకుని ఊరుకున్నాను. ఒక గుర్తు చెప్పాడు: పానా పెడలుకు తగిలించి నిటారుగా నిలబెట్టి, ఏ పక్కదైనా సరే, సైకిలు వెనకచక్రంవైపు లాగితే ఊడుతుంది. బిగించడానికి ముందుచక్రంవైపు. ఇది మా ఆవిడకు కూడా వెంటనే అర్థమైంది. నాకు రెండోసారి చెప్పవలసి వచ్చింది.

ముందుచక్రం ఊడదీశాం. ఊడదీయగానే ఫోర్కు రెండు కాళ్ళూ మధ్యన ఏమీలేక బోసిగా నిలబడ్డాయి. ఇదే అసలు ప్రమాదస్థలం. పెట్టెమీద పక్కనుంచి బరువుపడితే ఆ రెండు కాళ్ళూ దగ్గరకు నొక్కుకుపోతాయి. చక్రం ఉండే చోట ఏదైనా అడ్డు పెట్టాలి. కొత్త సైకిళ్ళ పెట్టెల్లో దానికోసం చిన్న ప్లాస్టిక్కు ముక్క వస్తుంది. దుకాణంవాణ్ణి అడిగితే గుప్పెడు ఇస్తాడు. మేం అది మరిచిపోయి, వీధి చివర వడ్రంగిచేత సరిగ్గా కాళ్ళ మధ్య దూరానికి, అంటే పది సెంటీమీటర్లకు, టేకుముక్క కోయించాం. అతను డబ్బు పుచ్చుకోలేదు. "ఈ ముక్క ఏ దేశం వెళుతుంది సార్?" అని మాత్రం అడిగాడు.

ఈ సైకిలుకు నూనె ఒత్తిడితో పనిచేసే డిస్కు బ్రేకులు. చక్రం తీసేసిన తరువాత ఎవరైనా బ్రేకుపిడి నొక్కితే లోపలి రెండు బిళ్ళలూ అతుక్కుపోయి మళ్ళీ విడదీయడం పెద్ద తతంగం. వాటి మధ్య మడిచిన అట్టముక్క ఒకటి దూర్చాడు. ఆ మాట చెబుతూండగానే మా చిన్నవాడు వెళ్ళి పిడి నొక్కనే నొక్కాడు. అట్టముక్క అప్పటికే పెట్టి ఉండబట్టి సరిపోయింది. చక్రానికుండే ఇనపరేకు బిళ్ళను ఆరు మరలు విప్పి వేరుచేసి, రెండు అట్టల మధ్య పెట్టి టేపు వేశాడు. అది అప్పడంలా వంగుతుంది. వంగితే తొంభై గంటలూ చెవిపక్కన చప్పుడు చేస్తూనే ఉంటుంది.

ఇక డిరైలర్. ఈ ఘట్టంలో మావాడు నన్ను పక్కకు జరగమన్నాడు. హేంగర్‌నుంచి దాన్ని విప్పి, గొలుసుతో సహా గుడ్డలో చుట్టి, వెనకచక్రపు గొట్టాల లోపలిపక్కకు మడిచి కట్టేశాడు. ఇప్పుడు బయటికి పొడుచుకుని ఉన్నదేమీ లేదు. ఎంత బరువు పడ్డా నొక్కడానికి అక్కడ ఏమీ దొరకదు. వెనకచక్రం మాత్రం తీయలేదు. పెట్టె పెద్దది కాబట్టి అవసరమూ లేదు. చక్రం చోటున ఉంటే ఆ కాళ్ళకదే అడ్డు. హేంగర్ మరొకటి కొత్తది కొని జేబుసంచీలో వేసుకున్నాడు. అది ఒక సైకిలుది మరొకదానికి పట్టదట. ఊరుగాని ఊళ్ళో వెతికితే దొరకదు.

చట్రానికి చుట్టడానికి నురుగు కావాలి. ఇనపసామాన్ల దుకాణంలో, ఏసీ రాగిగొట్టాలకు తొడిగే నల్లటి నురుగుగొట్టం దొరుకుతుంది. నిలువునా కోసి తొడిగితే సైకిలు చట్రానికి కుట్టించినట్టు సరిపోయింది. అదీ చాలక, ముందుచక్రం చట్రానికి రాసుకోకుండా మధ్యన ఒక మెత్తటి గుడ్డ కావలసివచ్చింది. నేను బీరువాలోనుంచి ఒక పాత నేతచీర తీశాను. వంటింట్లోనుంచి మా ఆవిడ చూడనే చూసింది.

"అది వెంకటగిరిదండీ!"

"చిరిగింది కదే."

"చిరిగితే?"

నేను పెట్టబోయాను. ఆవిడ వచ్చి చీర నాచేతిలోనుంచి తీసుకుంది. తీసుకుని, దులిపి, నాలుగు మడతలు వేసి, తనే చక్రానికీ చట్రానికీ మధ్యన పొందిగ్గా చుట్టి ముడివేసింది. "నా చీర ఫ్రాన్సు వెళుతోంది. నేను తిరుపతి దాటి ఎరగను" అంది. మేనల్లుడు వెంటనే "వచ్చేసారి నిన్నూ తీసుకెళతానత్తయ్యా" అన్నాడు. నేను ఏమీ అనలేదు. ఇటువంటి సమయాల్లో ఏమీ అనకపోవడమే క్షేమమని ఇరవై యేళ్ళ సంసారంలో నేర్చుకున్నాను.

టైర్లలో గాలి సంగతి ఒకటి ఉంది. విమానం పైకి పోతే టైర్లు పేలిపోతాయని నాకు ఎవరో చెప్పారు. కనుక గాలి పూర్తిగా తీసెయ్యమన్నాను. మావాడు లెక్క చెప్పాడు. సామాను పెట్టే అడుగుగదిలో కూడా, మనం కూర్చునేచోట లాగానే, గాలి ఒత్తిడి నిలిపి ఉంచుతారు. ఎంత తగ్గినా ఎనిమిదివేల అడుగుల కొండమీద ఉన్నంత. ఊటీకంటే కాస్త ఎత్తు అనుకోండి. ఊటీ ఎక్కిన సైకిలు టైరు పేలిందా? ఒకవేళ బయట గాలి బొత్తిగా లేకపోయినా, టైరుకు అదనంగా పడే ఒత్తిడి పదిహేను పౌండ్ల లోపే. ఎనభై పౌండ్లు పట్టే టైరుకు అది ఒక లెక్క కాదు. అయినా విమానంవాళ్ళు తీయమంటారు గనుక కొంత తీశాడు. పూర్తిగా తీస్తే కింద పడ్డప్పుడు రిమ్ము దెబ్బతింటుంది గనుక కొంత ఉంచాడు. ఉభయతారకం.

విప్పిన మరలు, పెడళ్ళు, ఇరుసుకడ్డీ అన్నీ ఒక సంచీలో వేసి, సంచీని చట్రానికే కట్టేశాం. పెట్టెలో విడిగా పడేస్తే, అట్ట ఎక్కడైనా చిరిగినప్పుడు మొట్టమొదట దేశాంతరం పట్టేవి అవే. పెట్టెలో ఏదీ కదలకూడదు. మూసిన తరువాత ఊపి చూస్తే చప్పుడు రాకూడదు. మాది మొదటిసారి ఊపితే గలగలమంది. విప్పి చూస్తే మా చిన్నవాడి గోళీ.

వీటికి తోడు బ్యాటరీల సంగతి. దీపాల బ్యాటరీలు, ఫోనుకు పెట్టే పవర్‌బ్యాంకు పెట్టెలో వెయ్యకూడదు, చేతిసంచీలోనే ఉంచుకోవాలి. అడుగుగదిలో అంటుకుంటే చూసేవాడు ఉండడు కనుక. బ్యాటరీతో నడిచే సైకిళ్ళ పెద్ద బ్యాటరీలను ప్రయాణికుల విమానంలో అసలు రానివ్వరు. 160 వాట్ అవర్లు దాటితే నిషేధం. టైర్లలోకి గాలి నింపే గ్యాసు గుండ్ల విషయంలో ముందుగా అడగాలి, లేదా అక్కడే కొనుక్కోవాలి. పానాలన్నీ పెట్టెలోకి. చెప్పులు, శిరస్త్రాణం, ఒక జత బట్టలు మాత్రం చేతిసంచీలోకి. పెట్టె ఒకరోజు ఆలస్యమైనా అరువు సైకిలు దొరకవచ్చును గాని అలవాటైన చెప్పులు దొరకవు.

బరువు చూడాలి. మామూలు హద్దు ఇరవైమూడు కిలోలు. ముప్ఫైరెండు దాటితే మోసేవాళ్ళు ముట్టుకోరు. మా ఇంట్లో మనిషిని తూచే చిన్న యంత్రమే ఉంది. పెట్టెను దానిమీద పెడితే అంకె కనబడదు. నేను పెట్టెను కౌగలించుకుని నిలబడ్డాను. తరువాత పెట్టె లేకుండా నిలబడ్డాను. తీసివేత చేస్తే పెట్టె పంతొమ్మిది కిలోలు. తీసివేతకు ముందున్న అంకెలో నా వాటాను మా ఆవిడ పైకి చదివి వినిపించింది. ఆ రాత్రినుంచి నాకు రెండు పుల్కాలు.

పెట్టెకు రెండుపక్కలా చేతులు పట్టేందుకు రంధ్రాలు చేశాం. మోసేవాడికి పట్టు దొరికితే ఈడవడు. పైకి ఏ పక్క ఉండాలో బాణం గుర్తు వేశాం. పేరూ ఫోను నెంబరూ పైన రాశాం. నేను అదే ఒక అట్టముక్కమీద రాసి లోపల చట్రానికి కూడా కట్టాను. "అదెందుకు మామయ్యా?" అన్నాడు. "పైది చిరిగిపోతే?" అన్నాను. తనిఖీవాళ్ళు మధ్యలో ఎక్కడైనా పెట్టె విప్పవచ్చు. వాళ్ళు సులభంగా విప్పి సులభంగా మూసేట్టుండాలి. అందుకని తాళ్ళు కట్టడంలో కౌశలం చూపించకుండా, లోపల పై అంచున ఒక టేపు చుట్ట అదనంగా ఉంచాడు. విప్పినవాడి దగ్గర టేపు ఉండదు కదా!

ఇంతా చేస్తూంటే నాకు ఒక ఆలోచన వచ్చింది. అమెరికాలో డేటన్ నగరంలో 1892లో సైకిళ్ళ దుకాణం పెట్టుకున్న అన్నదమ్ములే రైట్ సోదరులు. సైకిళ్ళు అమ్మీ, బాగుచేసీ, చేసీ సంపాదించిన డబ్బుతోనే ప్రయోగాలన్నీ చేసి, 1903 డిసెంబరు 17న విమానం ఎగరేశారు. ఆ విమానానికి రెక్కల పంకాలు తిప్పినవి కూడా గొలుసులూ పళ్ళచక్రాలే. అంటే విమానానికి పుట్టినిల్లు సైకిలు షాపు. అటువంటి సైకిలును ఈనాడు విమానంవారు రుసుము కట్టించుకుని అడుగుగదిలో పడుకోబెడుతున్నారు. ముసలితనంలో తల్లిదండ్రులకు కొడుకుల ఇళ్ళలో జరిగే మర్యాద వంటిదే ఇదీను.

శంషాబాదులో పెట్టెను మామూలు పట్టీమీద తీసుకోలేదు. పెద్దసామాన్లకు వేరే ద్వారం, వేరే తనిఖీ. దానికోసం ఒక గంట ముందుగా వెళ్ళడం మంచిదైంది. అక్కయ్యా బావా కూడా వచ్చారు. బావ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, ఒక మూల టేపు కొంచెం లేచి ఉంటే బొటనవేలితో గట్టిగా అదిమాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

దెబ్బతింటే ఏమిటన్న ప్రశ్నకు సమాధానం వాడికి ముందే నూరిపోశాను. విమానాశ్రయం విడిచి రాకముందే పెట్టె చూసుకోవాలి. దెబ్బ కనిపిస్తే అక్కడే సామాను కౌంటరులో ఫిర్యాదు రాయించి నకలు తీసుకోవాలి. అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 మాంట్రియల్ ఒడంబడిక ఉంది. మనదేశం 2009లో అందులో చేరింది. దాని ప్రకారం దెబ్బతిన్న సామానుకు ఏడురోజులలోగా రాతమూలకంగా ఫిర్యాదు చెయ్యాలి. ఆలస్యంగా అందినదానికి ఇరవైఒక్క రోజులు. పరిహారానికి గరిష్ఠ పరిమితి కూడా ఉంది. ఖరీదైన సైకిలుకు అది చాలకపోవచ్చు కనుక ముందే విలువ ప్రకటించడమో, భీమా చేయడమో ఉత్తమం. మనాలీలో వీడు బస్సు తప్పిపోతుందనే తొందరలో విమానాశ్రయంలో సంచీ విప్పనే లేదు. ఇంటికొచ్చాక రాసిన ఉత్తరానికి, సామాను అందుకున్నప్పుడు ఎందుకు చెప్పలేదని ఒక వాక్యం జవాబు వచ్చింది.

రెండో రోజు రాత్రి పారిస్‌నుంచి ఫోను. గొంతు పీలగా ఉంది. "మామయ్యా, పెట్టె రాలేదు." పట్టీ తిరగడం ఆగిపోయిందట. గంటనుంచి నిలబడి ఉన్నాడట. నాకు కాళ్ళల్లో సత్తువ పోయింది. వెనకనుంచి మా ఆవిడ, "ఇక్కడ ఇచ్చినప్పుడు పట్టీమీద పుచ్చుకోలేదుగా, అక్కడ మాత్రం పట్టీమీద ఎందుకొస్తుంది? వేరే ద్వారం చూడమనండి" అంది. అలాగే చెప్పాను. పది నిమిషాలకు మళ్ళీ ఫోను. పెద్దసామాన్ల ద్వారం పక్కన గోడకు చేరబడి పెట్టె నిలబడే ఉంది. ఒక పక్క అట్టకు నా పిడికిలి పట్టేంత చిల్లి. పైన రాసిన పేరు సగం చిరిగిపోయింది. అక్కడే విప్పి చూసుకున్నాడు. చిల్లిలోనుంచి లోపలి అస్తరు కనిపిస్తోంది, అంతే. టేకుముక్క చోటునే ఉంది. హేంగర్ కడ్డీలా నిటారుగా ఉంది.

రాంబుయె అనే ఊళ్ళో యాత్ర మొదలు. బయలుదేరేముందు వాళ్ళు సైకిలునూ దీపాలనూ పరీక్ష చేస్తారు. ఇబ్బందేమీ రాలేదు. ఆగస్టు 20న బయలుదేరాడు. మేం ఇంట్లో కూర్చుని ఫోనులో చూస్తూ ఉన్నాం. ఒక్కొక్క మజిలీ చేరినప్పుడల్లా అంకె మారుతుంది. అక్కయ్య పూజగదిలోనుంచి అయిదు నిమిషాలకోసారి, "మారిందా?" అంటుంది. బ్రెస్ట్ చేరాడు. వెనక్కు తిరిగాడు. తిరుగుదారిలో తొమ్మిదివందల కిలోమీటర్లు దాటి ఫుజేర్ చేరాడు. తరువాత అంకె మారలేదు.

ఆ రాత్రి బావ నిద్రపోలేదు. తెల్లవారగానే ఫోను మోగితే తనే తీశాడు. "ఏమైందిరా సైకిలుకు?" అన్నాడు. ఎన్నడూ సైకిలును గురించి అడగని మనిషి.

"సైకిలు బాగానే ఉంది నాన్నా. మోకాలే వాచిపోయింది" అన్నాడు వీడు. ఏడుస్తాడేమో అనుకున్నాం గాని ఏడవలేదు. అన్ని రాత్రులలో ఒక్కసారి కూడా గేరు తడబడలేదట. ఆ మాటే రెండుసార్లు చెప్పాడు. సీటుగొట్టం మీద టేపు తడిసి జారిపోయిందనీ, బిగించేటప్పుడు సీటు కాస్త కిందికి పోయి ఉంటుందనీ వాడి అనుమానం. టేపు కాకుండా గోళ్ళరంగుతో గీత గీయవలసిందని మా ఆవిడ అంది.

వస్తూ వాడే ఒంటరిగా అన్నీ విప్పి, చిల్లిపడ్డ పెట్టెకు అట్టముక్క అతికి, మూటకట్టుకు తెచ్చాడు. ఇంట్లో విప్పితే అన్నిటికంటే ముందు వెంకటగిరి చీర బయటపడింది. అంచున గొలుసు నూనె మరక. ఉతికినా పోలేదు. చిరుగుల చీర కదా, ఇక తుడుపుగుడ్డకు పనికివస్తుందని నేను అన్నాను. మా ఆవిడ మాట్లాడకుండా దాన్ని మడతపెట్టి పెట్టెలోనే వేసింది, టేకుముక్కతో సహా. పెట్టెను అటకమీదికి ఎక్కించమంది. నిచ్చెన వేసుకుని నేనే ఎక్కించాను. మొన్న పండక్కి బూజు దులుపుతూ చూశాను. పెట్టెమీద ఆవిడ చేతిరాతతో పెద్ద అక్షరాలున్నాయి: 2027. కింద చిన్న అక్షరాలతో, గోళ్ళరంగు లోపల ఉంది అని.